పోలియో కాదు, మరి ఏమిటి?

పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే మన దేశంలో ఒక పెద్ద యంత్రాంగం కదులుతుంది. కబురు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి జిల్లాకూ, పోలియో నిఘా అధికారికీ చేరుతుంది. పక్షవాతం మొదలైన 14 రోజుల్లోగా, కనీసం 24 గంటల తేడాతో, బిడ్డ మలాన్ని రెండుసార్లు సేకరించి ఐసు పెట్టెలో ప్రయోగశాలకు పంపుతారు. 60 రోజుల తర్వాత ఆ బిడ్డను మళ్ళీ పరీక్షించి, బలహీనత మిగిలిందో లేదో ఫారంలో రాసుకుంటారు. దీన్ని ఏఎఫ్‌పీ (అక్యూట్ ఫ్లాసిడ్ పెరాలిసిస్, అంటే ఉన్నట్టుండి వచ్చే మెత్తటి పక్షవాతం) నిఘా అంటారు. 1997లో మొదలైంది. 2011 జనవరిలో హౌరా జిల్లాలో పోలియో బారిన పడిన పాపే ఈ దేశంలో సహజ పోలియోకి చివరి రోగి అని నిబ్బరంగా చెప్పగలిగామంటే, 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ అందుకున్నామంటే, అది ఈ నిఘా చలవే. అంత శ్రద్ధగా నడిచిన ప్రజారోగ్య కార్యక్రమాలు మనకు ఎన్నో లేవు.

అయితే ఆ ఫారం ముఖ్యంగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది పోలియోనా? ఏటా వేలాది ఫారాల మీద వచ్చే జవాబు, కాదు. ప్రభుత్వానికి అది ఊరట. ఆసుపత్రి వరండాలో బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లికి మాత్రం అది సగం మాటే. పోలియో కాదు సరే, నిన్నటిదాకా పరుగులు పెట్టిన పిల్లవాడు ఈ రోజు ఎందుకు నిలబడలేకపోతున్నాడు? ఆ జవాబుల్లో ఒకటి వైరల్ జ్వరం తర్వాత వచ్చే వెన్నుపాము వాపు. ఈ వ్యాసం దాని గురించే. పేరు ఒకటిగా వినిపించినా ఇది ఒక జబ్బు కాదు. వాపు వెన్నుపాములో ఏ భాగానికి వచ్చింది, ఎవరు తెచ్చారు అన్న దాన్నిబట్టి బిడ్డ బతుకు దారి మారిపోతుంది.

వెన్నుపాము పెద్దవాళ్ళలో కూడా చిటికెన వేలి లావు ఉంటుందంతే. అడ్డంగా కోసి చూస్తే మధ్యలో సీతాకోకచిలుక ఆకారంలో బూడిదరంగు పదార్థం, దాని చుట్టూ తెల్ల పదార్థం కనిపిస్తాయి. మెదడు నుంచి కాళ్ళకు వెళ్ళే ఆజ్ఞలు, కాళ్ళ నుంచి మెదడుకు వచ్చే స్పర్శ, మూత్రాశయం మీద అదుపు, అన్నీ తెల్ల పదార్థంలోని తీగల గుండానే నడుస్తాయి. ఆ తీగలకు మైలిన్ అనే తొడుగు ఉంటుంది. బూడిద పదార్థపు ముందు కొమ్ములో ఉండేవి కండరాలను స్వయంగా కదిలించే కణాలు. తెల్ల భాగం వాచి తీగలు మూగబోతే ఆ చోటికి దిగువన ఉన్నదంతా పోతుంది: బలం, స్పర్శ, మూత్రం, విరేచనం. ముందు కొమ్ములోని కణాలు చస్తే వాటికి కట్టుబడిన కండరాలు మాత్రమే పడిపోతాయి. స్పర్శ చెక్కుచెదరదు, కానీ ఆ కండరాలు వారాల్లోనే కరిగిపోతాయి. పోలియో చేసేది ఈ రెండో పని. మొదటిదాన్ని ట్రాన్స్‌వర్స్ మైలైటిస్ అంటారు.

ముందు దాని సంగతి. అది అరుదు, పది లక్షల మంది పిల్లల్లో ఏడాదికి ఒకరిద్దరు. మూడు నాలుగేళ్ళ లోపు పసివాళ్ళలో ఒకసారి, కౌమారానికి చేరువలో మరోసారి ఎక్కువగా కనిపిస్తుంది. వీళ్ళలో ఎక్కువమందికి అంతకు ముందు రెండు మూడు వారాల్లో జలుబో జ్వరమో వాంతులో వచ్చి తగ్గి ఉంటాయి. బిడ్డ కోలుకున్నాడు, బడికి పంపుదాం అనుకునే రోజుల్లో వీపు నొప్పి అంటాడు. కాళ్ళు బరువుగా ఉన్నాయంటాడు. పొట్ట చుట్టూ ఎవరో బెల్టు బిగించినట్టుందని పెద్ద పిల్లలు చెప్పగలరు. పసివాళ్ళు చెప్పలేరు, అడుగు వెయ్యనని మొరాయిస్తారు. దింపితే కూలబడతారు. కొన్ని గంటల్లో గానీ, కొన్ని రోజుల్లో గానీ రెండు కాళ్ళూ చచ్చుబడతాయి. 2002లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి ఈ జబ్బుకు గీత గీస్తూ, మొదటి లక్షణం నుంచి పూర్తి తీవ్రతకు చేరడానికి 4 గంటలకు తక్కువ కాకుండా, 21 రోజులకు మించకుండా పట్టాలని చెప్పింది. అంతకన్నా వేగంగా వస్తే రక్తనాళం మూసుకుపోయిందేమో, నిదానంగా వస్తే గడ్డేదో పెరుగుతోందేమో చూడాలి.

ఇక్కడ నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది మూత్రం. కాళ్ళ సంగతి అందరూ చూస్తారు, మూత్రం సంగతి అడిగేవాళ్ళు తక్కువ. జ్వరంలో నీళ్ళు సరిగా తాగలేదు కాబట్టి రావడం లేదనుకుంటారు. పూటంతా మూత్రం పోయకపోయినా, పొత్తికడుపు బిగుసుకుని ఉబ్బినా, అది గ్యాసు అనుకుంటారు. ఒక్కోసారి మూత్రాశయం నిండిపోయి బొట్టుబొట్టుగా కారుతుంటే, మూత్రం వస్తూనే ఉంది కదా అనుకుంటారు. కాళ్ళలో బలహీనతతో పాటు మూత్రం ఆగిందంటే వెన్నుపామును అనుమానించాల్సిందే. అది వైద్యుడు వెతికి పట్టుకునేలోపు ఇంట్లోవాళ్ళే చెప్పగలిగిన ఆనవాలు.

తొలి రోజుల్లో ఈ జబ్బు వేషం మార్చుకుని ఉంటుంది. వెన్నుపాము దెబ్బతిన్నప్పుడు కాళ్ళు బిగుసుకుపోవాలి. కానీ మొదట్లో వెన్నుపాము దిమ్మెరపోయి కాళ్ళు గుడ్డపేలికల్లా వేలాడతాయి, మోకాలి కింద సుత్తితో తట్టినా కదలిక ఉండదు. బిగుసుదనం తర్వాత వస్తుంది. అందుకే దీన్ని జీబీఎస్ (గిలెన్-బారే సిండ్రోమ్) అని పొరబడడం తేలిక. 2025 ఆరంభంలో పుణెలోనూ, ఆ వెంటనే గుంటూరులోనూ కేసులు వార్తల్లోకెక్కాక జీబీఎస్ పేరు తెలుగువాళ్ళందరికీ తెలిసింది. జీబీఎస్‌లో దెబ్బతినేది వెన్నుపాము కాదు, అందులోంచి బయటికొచ్చిన నరాలు. చేతులూ ముఖమూ కూడా పడిపోవచ్చు. స్పర్శ ఫలానా గీత దగ్గర తెగిపోయినట్టు ఉండదు. ట్రాన్స్‌వర్స్ మైలైటిస్‌లో ఉంటుంది. రొమ్ముల దగ్గరో బొడ్డు దగ్గరో అడ్డంగా గీత గీసినట్టు, కింద ఏమీ తెలియదు, పైన అంతా తెలుస్తుంది.

మన ఊళ్ళలో ఇంకో పొరపాటు ఉంది. జ్వరానికి ఆర్‌ఎంపీ దగ్గర పిరుదు మీద ఇంజెక్షన్ వేయిస్తారు. నాలుగు రోజులకు కాళ్ళు పడిపోతే ఇంజెక్షన్ నరానికి తగిలిందంటారు. అలా జరగదని కాదు. తుంటి నరానికి సూది తగిలి పాదం వేలాడిపోయిన పిల్లలు ఏఎఫ్‌పీ జాబితాల్లో ఎప్పుడూ ఉంటున్నారు. జ్వరం వచ్చిన ప్రతి బిడ్డకూ సూది పొడిచే అలవాటు పోవాల్సిందే. కానీ సూది దెబ్బ అయితే పడేది ఆ ఒక్క కాలే, అదీ చాలావరకు సూది పడ్డ వెంటనే, నొప్పితో. రెండు కాళ్ళూ పోయి, మూత్రం ఆగితే అది సూది పని కాదు. ఆర్‌ఎంపీతో తగువులో గడిచిన రెండు రోజులు బిడ్డకు ఎంత ఖరీదో ఆ కుటుంబానికి తర్వాత గానీ తెలియదు.

పెద్దాసుపత్రికి వెళ్ళగానే మొదట చేయాల్సింది వెన్ను మొత్తానికీ ఎమ్మారై. వాపు ఎక్కడుందో చూడడానికన్నా ముందు, బయటి నుంచి వెన్నుపామును ఏదైనా నొక్కుతోందా అని చూడడానికి. వెన్నెముకకు పట్టిన క్షయ, చీముగడ్డ, కణితి మన దేశంలో మరచిపోగలిగినవి కావు. నొక్కుడైతే మందులతో పాటు శస్త్రచికిత్స అవసరం కావచ్చు, ఆలస్యం అసలు పనికిరాదు. ఆ తర్వాత మెదడు ఎమ్మారై, వెన్నులోంచి నీరు తీసి పరీక్ష. వెన్నులో నీరు తీస్తే కాళ్ళు పడిపోతాయని మనవాళ్ళలో గట్టి భయం. ఆ భయంతో సంతకం పెట్టకుండా బిడ్డను తీసుకుపోయే వాళ్ళుంటారు. సూది దించేది వెన్నుపాము ముగిసిన చోటికి దిగువన. అక్కడ నీళ్ళలో వేలాడే నరాల పోగులే ఉంటాయి, వెన్నుపాము ఉండదు. ఈ ఒక్క ముక్కా నింపాదిగా చెబితే చాలామంది ఒప్పుకుంటారు.

జ్వరం పోయాక వాపు ఎందుకొస్తుంది? 1928లో ఫ్రాంక్ ఫోర్డ్ అనే అమెరికన్ వైద్యుడు తట్టు పోసిన పిల్లల్ని గమనించి, జ్వరం దిగి దద్దు మాయమవుతున్న వేళ నరాల జబ్బు మొదలవుతోందని రాశాడు. వైరసే నేరుగా తింటుంటే జ్వరం మంచి ఊపులో ఉన్నప్పుడే రావాలి కదా. 1948లో లండన్‌లో సచెట్-కే అనే వైద్యుడు న్యుమోనియా తర్వాత వచ్చిన కేసును వర్ణిస్తూ ఈ జబ్బుకు ఇప్పటి పేరు పెట్టాడు. కానీ అసలు రుజువు మన దేశపు పిచ్చికుక్క టీకా దగ్గర దొరుకుతుంది. 1911లో డేవిడ్ సెంపుల్ కసౌలిలోని ప్రయోగశాలలో తయారుచేసిన టీకా అది. రేబిస్ వైరస్‌ను గొర్రె మెదడులో పెంచి, ఫినాల్‌తో చంపి, ఆ మెదడు ముద్దనే ఇంజెక్షన్‌గా ఇచ్చేవారు. బొడ్డు చుట్టూ 14 సూదులు అంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరించే తరం మన ఇళ్ళలో ఉంది. ఆ టీకా వేల ప్రాణాలు నిలిపింది. కానీ వేయించుకున్నవాళ్ళలో కొద్దిమందికి కాళ్ళు పడిపోయేవి. వైరస్ చచ్చిపోయింది, కుక్క కాటు వల్ల అయితే రేబిస్ రావాలి. మరి ఇదేమిటి? గొర్రె మైలిన్ మీద యుద్ధం నేర్చుకున్న శరీరం తన మైలిన్ మీదే పడింది. ఆ రోగుల రక్తంలో మైలిన్ ప్రోటీన్‌కు వ్యతిరేకమైన యాంటీబాడీలు ఉన్నాయని 1987లో థాయిలాండ్ పరిశోధకులు చూపించారు. 2004 చివరలో భారత ప్రభుత్వం ఆ టీకాను ఆపేసింది. ఇప్పుడు కుక్క కరిస్తే వేసే టీకాలో మెదడు పదార్థం లేదు, అది చేతికి వేస్తారు, దానికి భయపడి మానేయకూడదు. వైరల్ జ్వరం తర్వాత జరిగేది కూడా దాదాపు ఇలాంటిదేనని నేటి అవగాహన. ఇక్కడ గొర్రె మెదడు లేదు. వైరస్‌ను ఎదుర్కొనేందుకు లేచిన రక్షణ సేన మనవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో పోల్చుకోలేకపోతుంది.

ఈ శతాబ్దంలో ఆ సేనలోని కొందరి ఆనవాళ్ళు దొరికాయి. 2004లో అమెరికాలోని మేయో క్లినిక్ బృందం, కళ్ళ నరాలనూ వెన్నుపామునూ కలిపి కొట్టే ఒక జబ్బుకు ప్రత్యేకమైన యాంటీబాడీని కనుక్కుంది. మరుసటి ఏడాది అది ఆక్వాపోరిన్-4 అనే ప్రోటీన్ మీద పడుతోందని తేలింది. తర్వాత మైలిన్ తొడుగు పైపొరలో ఉండే మాగ్ అనే ప్రోటీన్‌ను గురిపెట్టే యాంటీబాడీ సంగతి స్పష్టమైంది. వెన్నుపాము వాపు వచ్చిన పిల్లల్లో కొంత భాగానికి, మెదడు కూడా వాచినవాళ్ళలో ఇంకా ఎక్కువమందికి మాగ్ యాంటీబాడీ ఉంటోంది. 2023లో ఈ మాగ్ జబ్బుకు విడిగా నిర్ధారణ సూత్రాలు వచ్చాయి. ఆక్వాపోరిన్ యాంటీబాడీ ఉంటే జబ్బు మళ్ళీ మళ్ళీ వచ్చి ప్రతిసారీ ఎంతో కొంత తీసుకుపోతుంది, ఏళ్ళ తరబడి మందులు వాడాలి. మాగ్ అయితే కాళ్ళు సాధారణంగా బాగానే కోలుకుంటాయి, కొందరికి మాత్రం తిరగబెడుతుంది. రెండూ లేకపోతే చాలామందికి అది జీవితంలో ఒక్కసారి వచ్చిపోయే జబ్బు. కాబట్టి ఈ రెండు రక్తపరీక్షలూ చేయించకుండా బిడ్డను ఇంటికి పంపడం సరికాదని నా అభిప్రాయం.

ఇప్పుడు రెండో దారి, వైరసే నేరుగా వెన్నుపాములో దూరే దారి. పోలియో వెళ్ళిపోయాక ఆ తలుపు మూసుకుందనుకున్నాం. 2014 ఆగస్టులో అమెరికాలో ఆసుపత్రులు ఆయాసంతో వస్తున్న పిల్లలతో నిండిపోయాయి. కారణం ఎంటెరోవైరస్ డి68. అది కొత్తదేమీ కాదు, 1962లో కాలిఫోర్నియాలో నలుగురు పిల్లల్లో దొరికింది. ఆ తర్వాత అర్ధశతాబ్దం పాటు ఎవరికీ పెద్దగా పట్టలేదు. ఈసారి ఆయాసం తగ్గిన కొద్ది రోజులకు కొందరు పిల్లలకు ఒక చెయ్యి ఎత్తడం రాలేదు, కొందరికి కాలు, కొందరికి మెడ. స్పర్శ బాగానే ఉంది. ఎమ్మారైలో సీతాకోకచిలుక ఆకారమే వెలుగుతోంది. అచ్చం పోలియోలా ఉంది, పోలియో కాదు. దానికి అక్యూట్ ఫ్లాసిడ్ మైలైటిస్, క్లుప్తంగా ఏఎఫ్ఎం, అని పేరు పెట్టారు. ఆ ఏడాది 120 మంది. 2016లో దాదాపు 150. 2018లో 238. మధ్య ఏళ్ళలో కొద్దిమందే. ఏడాది విడిచి ఏడాది వచ్చే ఈ లయ చూసి 2020 కోసం అందరూ భయంతో ఎదురుచూశారు. కోవిడ్ వచ్చి బళ్ళు మూతబడ్డాయి, మాస్కులు వచ్చాయి, ఏఎఫ్ఎం దాదాపు కనిపించలేదు. 2022లో డి68 మళ్ళీ విరివిగా తిరిగింది, కానీ పక్షవాతాలు ఆ మేరకు రాలేదు. ఎందుకన్నది ఈ రంగంలో ఇప్పటికీ తెగని ముడి.

డి68 నేరాన్ని రుజువు చేయడం తేలిక కాలేదు. వెన్నునీటిలో వైరస్ దాదాపు దొరికేది కాదు. 2019లో కాలిఫోర్నియా, కొలంబియా విశ్వవిద్యాలయాల బృందాలు విడివిడిగా వైరస్‌ను వెతకడం మాని దాని అడుగుజాడల్ని వెతికాయి. ఏఎఫ్ఎం వచ్చిన పిల్లల్లో మూడింట రెండు వంతులకు పైగా మంది వెన్నునీటిలో ఎంటెరోవైరస్‌లను గుర్తుపట్టే యాంటీబాడీలు ఉన్నాయి. పోలిక కోసం తీసుకున్న మిగతా పిల్లల్లో చాలా కొద్దిమందికే ఉన్నాయి. 2008లో చనిపోయిన ఐదేళ్ళ అమెరికన్ బాలుడి వెన్నుపామును మళ్ళీ పరీక్షిస్తే ముందు కొమ్ము కణాల్లోనే డి68 కనిపించిందని 2022లో ప్రచురించారు. ఆ పసివాడి కణజాలాన్ని అన్నేళ్ళు భద్రపరచకపోతే ఈ మాట ఇంత గట్టిగా చెప్పలేకపోయేవాళ్ళం.

ఇక్కడే మన నిఘా ఫారం గుర్తొస్తుంది. డి68 ముక్కులో, గొంతులో ఉంటుంది. కడుపులోని ఆమ్లాన్ని తట్టుకోలేదు, మలంలో దొరకడం అరుదు. మనం పంపేది మలం. పోలియోని పట్టడానికి అల్లిన వలలో ఈ చేప పడదు. జ్వరం వచ్చిన తొలి రోజుల్లో గొంతులోంచి తీసిన నమూనా కూడా పంపితే తప్ప ఈ వైరస్ మన పిల్లల్ని ఎంతవరకూ ముట్టుకుంటోందో తెలియదు. ఏఎఫ్‌పీ పెట్టెలో ఒక స్వాబ్ చేర్చడం పెద్ద ఖర్చు కాదు.

డి68 ఒక్కటే కాదు. చేతులు, కాళ్ళు, నోట్లో పొక్కులు తెచ్చే ఎంటెరోవైరస్ ఎ71 కూడా ఈ పని చేస్తుంది. 1997లో మలేసియాలో, మరుసటి ఏడాది తైవాన్‌లో అది పసివాళ్ళ ప్రాణాలు తీసింది. చైనా 2015లో దానికి టీకా ఆమోదించింది. మనకు మరింత దగ్గరిది మెదడువాపు వైరస్. 1999లో అనంతపురం, కర్నూలు వైపు అది చేసిన బీభత్సం మరచిపోలేనిది. ఆ వైరస్ మెదడును వదిలి వెన్నుపాము ముందు కొమ్మును మాత్రమే కొట్టగలదని వియత్నాం చెప్పింది: 1998లో అచ్చయిన పరిశోధనలో, పోలియోలా చచ్చుబడిన 22 మంది పిల్లల్లో 12 మందికి కారణం అదే. దోమలు, పందులు, వరిమళ్ళు ఉన్న చోట మెదడువాపు టీకా మెదడు కోసమే కాదు.

చికిత్స దగ్గరికి వచ్చేసరికి వైద్యశాస్త్రపు పేదరికం కనిపిస్తుంది. ట్రాన్స్‌వర్స్ మైలైటిస్‌కు మొదట ఇచ్చేది మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, బరువులో కిలోకు 30 మిల్లీగ్రాముల చొప్పున, రోజుకు ఒక గ్రాము మించకుండా, మూడు నుంచి ఐదు రోజులు సెలైన్‌లో. తగ్గకపోతే ప్లాస్మా మార్పిడి, లేదా ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు. దీని వెనకున్న ఆధారం ఎంత? 1990లలో ఫ్రాన్సులో చేసిన పరిశోధనలు స్టెరాయిడ్ ఇచ్చిన పిల్లలు త్వరగా నడిచారని చూపించాయి, కానీ ఆ పిల్లలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. పోలిక కూడా అంతకు ముందు ఏళ్ళలో వచ్చిన రోగులతోనే. ఐవీఐజీ ఉపయోగాన్ని పక్కాగా తేల్చాలని బ్రిటన్‌లో తలపెట్టిన ప్రయోగం, రోగులు చాలినంతమంది చేరక ఆగిపోయింది. జబ్బు అరుదుగా ఉండడం మంచిదే. దాని మూలంగా జవాబులు కూడా అరుదయ్యాయి. అయినా స్టెరాయిడ్ ఇవ్వడం సబబేనని అనుకుంటున్నాను. వాపు శరీరపు సొంత సేన చేస్తున్నదైతే సేనను అణచడం అర్థమున్న పని.

ఏఎఫ్ఎంలో అదే మందు మాట అలా చెప్పలేం. డి68 ఎక్కించిన ఎలుకల్లో స్టెరాయిడ్ ఇస్తే పక్షవాతం ముదిరి మరణాలు పెరిగాయి. పిల్లల్లో మేలు చేస్తుందనడానికీ కీడు చేస్తుందనడానికీ గట్టి సాక్ష్యం లేదు. తెల్లదా బూడిదదా అన్న ప్రశ్న పాఠ్యపుస్తకపు ముచ్చట కాదనేది అందుకే. ఏఎఫ్ఎంలో నిజంగా ఆశ కలిగించేది నరాల బదిలీ శస్త్రచికిత్స. పనిచేస్తున్న నరంలోంచి ఒక పాయ తీసి, మూగబోయిన కండరానికి కలుపుతారు. మోటారుసైకిలు ప్రమాదాల్లో భుజం నరాలు తెగినవాళ్ళకు మన దేశంలోనూ చేసే శస్త్రచికిత్సే అది. కండరం పూర్తిగా కరిగిపోకముందే, అంటే ఏడాది లోపు చేస్తేనే ఫలితం. చూద్దాం, చూద్దాం అంటూ రెండేళ్ళు గడిపేస్తే ఆ తలుపు మూసుకుపోతుంది.

మరి ఎంతమంది నడుస్తారు? ట్రాన్స్‌వర్స్ మైలైటిస్‌లో పిల్లలు పెద్దవాళ్ళకన్నా మెరుగ్గా కోలుకుంటారు, సుమారు సగం మంది బాగా కోలుకుంటారు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో 47 మంది పిల్లల్ని సగటున మూడేళ్ళు పరిశీలించి 2007లో ప్రచురించిన లెక్కల్లో మాత్రం సుమారు 40 శాతం మంది నడవలేకపోయారు, సగం మందికి మూత్రానికి గొట్టం అవసరమైంది. అంత పెద్ద కేంద్రానికి చేరేది ముదిరిన కేసులే కాబట్టి ఆ అంకెల్ని అందరికీ వర్తింపజేయకూడదు. అయినా అందులో ఒక వరస గమనించాలి: నడకకన్నా మూత్రం వెనకబడింది. పిల్లవాడు నడుస్తున్నాడు, బాగైపోయాడు అని ఊరంతా సంతోషించిన తర్వాత కూడా మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు. మిగిలిన మూత్రం మురిగి, ఇన్ఫెక్షన్లు వచ్చి, పైకి ఎగదన్ని, ఏళ్ళ తర్వాత మూత్రపిండాలు చెడతాయి. ఏ నొప్పీ లేకుండా.

దీనికి మందు 1972లో మిచిగన్‌లో జాక్ లాపిడెస్ అనే వైద్యుడు చూపించాడు. గొట్టాన్ని శాశ్వతంగా లోపల ఉంచకుండా, మూడు నాలుగు గంటలకోసారి పెట్టి ఖాళీ చేసి తీసేయడం. అప్పటిదాకా అది ఆపరేషన్ థియేటరంత శుద్ధితో చేయాల్సిన పని అనుకునేవారు. చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు, గొట్టం శుభ్రంగా ఉంటే చాలు, రోగి తనే చేసుకోవచ్చు అన్నాడాయన. ఆరేడేళ్ళ పిల్లలు కూడా నేర్చుకోగలరు. తల్లికి ఆసుపత్రిలో నర్సమ్మ పక్కన కూర్చుని రెండు మూడు రోజులు నేర్పితే వస్తుంది. డిశ్చార్జి కాగితం మీద మందుల పేర్ల కింద ఇది ఉండాలి, చాలాసార్లు ఉండదు.

ఫిజియోథెరపీ కూడా ఇంటికెళ్ళిన నెలలోనే ఆగిపోతుంది, పట్నానికి రోజూ బస్సెక్కలేక. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అక్కడ ఫిజియోథెరపిస్టు వస్తారు. వెన్నుపాము వాపు వచ్చిన బిడ్డ కూడా అందుకు అర్హుడేనని ఆ కుటుంబానికి ఎవరో ఒకరు చెప్పాలి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఎప్పుడు తీసుకోవాలో, ఎందుకు తీసుకోవాలో చెప్పాలి. 60వ రోజున బిడ్డను నడిపించి చూడ్డానికి ఎలాగూ ఒకరు వస్తున్నారు. ఆ ఫారంలో ఇంకో మూడు గడులుంటే బాగుండును: మూత్రం ఎలా పోస్తున్నాడు, ఫిజియోథెరపీ జరుగుతోందా, బడికి వెళ్తున్నాడా.

మూడో గడి దగ్గర చాలా ఇళ్ళలో కథ ఆగిపోతుంది, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. కాళ్ళు సాయమిస్తున్నా, చదువు మీద ప్రాణమున్నా, బడిలో నాలుగు గంటలకోసారి గొట్టం పెట్టుకునే చోటు ఉండదు. ఆ పిల్లకు కావాల్సింది ఒక చిన్న గది, కుళాయిలో నీళ్ళు, ఒక సబ్బు బిళ్ళ, లోపలి నుంచి వేసుకోవడానికి గడియ.